హనుమకొండ గదిలో అమెరికా ఇంటర్వ్యూ

"ఇంట్ల కూసొని మాట్లాడుడేనాయె, దానికి గిన్ని పైసలెందుకు బిడ్డా?"

అమెరికాలో రెసిడెన్సీకి, అంటే ఎంబీబీఎస్ తర్వాతి ఆసుపత్రి శిక్షణకు, దరఖాస్తు చేసే పిల్లలున్న వరంగల్ ఇళ్లలో సెప్టెంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న వినిపిస్తుంది. చాలామంది పిల్లలు దీనికి విసుక్కుంటారు. విసుక్కోవద్దు, ప్రశ్న న్యాయమైనది. విమానం ఎక్కింది లేదు, హోటల్లో దిగింది లేదు, మరి క్రెడిట్ కార్డు మీద రెండు మూడు లక్షలు ఎటు పోయినట్టు? ఈ అధ్యాయం రాసింది ఆ లెక్క చెప్పడానికే. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. వర్చువల్ ఇంటర్వ్యూలు వచ్చి మన పిల్లలకు మిగిల్చిన డబ్బులో ఎక్కువ భాగం భయం మీద ఖర్చయిపోతోంది. ఇంటర్వ్యూలో నిజంగా పనికొచ్చేవి చాలావరకు చవకగా దొరుకుతాయి, కొన్నింటికి పైసా ఖర్చు లేదు.

కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. అక్కడ చదివి అమెరికా వెళ్లిన పాత బ్యాచ్‌ల వాళ్లను అడిగి చూడండి, ఇంటర్వ్యూ అంటే ఏమిటో చెప్తారు. ముందు హైదరాబాద్ కాన్సులేట్‌లో విజిటర్ వీసా. తర్వాత శంషాబాద్ నుంచి విమానం. అక్కడ అక్క ఇంట్లోనో, సీనియర్ అపార్ట్‌మెంట్ హాల్లోనో నెలల తరబడి మకాం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రాత్రి బస్సులు, చలికోటు, ఒకే ఒక్క సూటు. దానితోపాటు స్టెప్ 2 సీఎస్ అనే పరీక్ష ఉండేది. రోగిలా నటించే మనుషుల ముందు చేసి చూపాల్సిన ఆ పరీక్షను అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, ఫిలడెల్ఫియాల్లో మాత్రమే పెట్టేవారు. దాని ఫీజే వెయ్యిన్నర డాలర్లు దాటేది.

కోవిడ్ దీన్నంతా ఒక్క ఏడాదిలో మార్చేసింది. 2020 మే నెలలో అమెరికా వైద్యవిద్యా సంస్థలు ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్లోనే జరపమని సిఫారసు చేశాయి. స్టెప్ 2 సీఎస్‌ను అదే ఏడాది మార్చిలో ఆపి, 2021 జనవరిలో పూర్తిగా రద్దు చేశారు. కోవిడ్ పోయాక కూడా ఎక్కువ ప్రోగ్రాములు ఆన్‌లైన్ పద్ధతినే కొనసాగిస్తున్నాయి, కొన్ని మాత్రం మళ్లీ నేరుగా రమ్మంటున్నాయి. ములుగు నుంచో, నర్సంపేట నుంచో వచ్చి ఎంబీబీఎస్ చదివిన పిల్లకు ఇది చిన్న మేలు కాదు. పాత తరం వాళ్లలో ఎందరో ప్రయాణానికి డబ్బు కూడక ఆ ఆలోచనే మానుకున్నారు. ఇప్పుడు ఆ గోడ లేదు.

మిగిలిన డబ్బు ఎటు పోతోంది

గోడ పోయింది కాబట్టి అందరూ అన్నిచోట్లకూ దరఖాస్తు పెడుతున్నారు. ఒక మనిషి నెలలో ఇన్ని ఊళ్లే తిరగగలడని ఇంతకుముందు ఒక హద్దు ఉండేది. గదిలో కూర్చున్నవాడికి ఆ హద్దు లేదు. అసలు ఖర్చు పుట్టేది ఇక్కడే.

దరఖాస్తులు ఇరాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వెళ్తాయి. 2025 సీజనులో ఒక స్పెషాలిటీలో మొదటి 30 ప్రోగ్రాముల వరకు ఒక్కోదానికి 11 డాలర్లు, 31వ ప్రోగ్రాము నుంచి ఒక్కోదానికి 30 డాలర్లు తీసుకున్నారు. కాగితం తీసుకుని లెక్కేయండి. 30 ప్రోగ్రాములకు 330 డాలర్లు. 60కి 1,230. వందకి 2,430. రెండు వందలకి 5,430. డాలరు 85 రూపాయలు అనుకుంటే వంద దరఖాస్తులకు రెండు లక్షల ఆరు వేలు దాటుతుంది, రెండు వందలకు నాలుగు లక్షల అరవై వేలు దాటుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్‌సర్జన్‌కు నెలకు వచ్చే స్టైపెండ్ ముప్పై వేల లోపే. అంటే వంద దరఖాస్తులంటే దాదాపు ఏడు నెలల కష్టం. దీని మీద బ్యాంకు తీసుకునే విదేశీ మారకం చార్జీ వేరు. మూడున్నర శాతం తీసుకునే కార్డయితే 2,430 డాలర్ల మీద ఇంకో 85 డాలర్లు పోతాయి. దరఖాస్తు పెట్టేముందు మీ ఇంట్లో, మీ స్నేహితుల ఇళ్లలో ఉన్న కార్డుల్లో ఏది తక్కువ తీసుకుంటుందో కనుక్కోండి. అంతర్జాతీయ చెల్లింపులు, కార్డు పరిమితి ఒక వారం ముందే తెరిపించుకోండి. ప్రోగ్రాములకు దరఖాస్తులు కనిపించడం మొదలయ్యేది సెప్టెంబరు చివరి వారంలో. ఆ రాత్రి కార్డు పనిచేయకపోతే కలిగే ఆందోళన అనవసరం.

ఎన్నింటికి పెట్టాలని నన్నడిగితే సంఖ్య చెప్పను, పద్ధతి చెప్తాను. మొదటి 30 చవక, వాటిని పూర్తిగా వాడుకోండి. ఆ తర్వాత చేర్చే ప్రతి పేరుకూ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ప్రోగ్రాములో ఇప్పుడున్న రెసిడెంట్లలో విదేశాల్లో చదివినవాళ్లు ఉన్నారా? వీళ్లు వీసా ఇస్తారా, ఇస్తే ఏ వీసా? మీరు పాసైన సంవత్సరం వాళ్ల హద్దులోపల ఉందా? ఈ మూడింటికీ జవాబు చాలావరకు ప్రోగ్రాము వెబ్‌సైట్లోనే ఉంటుంది. మూడింట్లో ఒక్కటి కాదన్నా అక్కడ పెట్టే ముప్పై డాలర్లు మునిగినట్టే. ఒక సాయంత్రం కూర్చుని ఈ పని చేస్తే లక్ష రూపాయలు మిగలవచ్చు. ఈ అధ్యాయం మొత్తంలో ఎక్కువ డబ్బు మిగిల్చే సలహా ఇదే.

వీసా ప్రశ్న ఈమధ్య మరీ ముఖ్యమైంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి ప్రకటనతో, దేశం బయట ఉన్నవారికోసం వేసే కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. ఏ ఆసుపత్రైనా రెసిడెంటు కోసం అంత కడుతుందా అన్నది పెద్ద అనుమానమే. కాబట్టి జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా ఇచ్చే ప్రోగ్రాములనే ముందు చూసుకోండి. జె-1లో శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది. డాక్టర్లు తక్కువున్న ప్రాంతాల్లో పనిచేసి దాన్నుంచి మినహాయింపు పొందే దారి కూడా ఉంది. ఈ సంగతులు ఇంట్లో ముందే చెప్పుకోవాలి, మ్యాచ్‌లో, అంటే అభ్యర్థులకూ ప్రోగ్రాములకూ జత కుదిర్చే ప్రక్రియలో, సీటు వచ్చాక కాదు.

సిగ్నళ్లను మరిచిపోకండి. "మీ దగ్గరే చేరాలని నాకు నిజంగా ఉంది" అని కొన్ని ప్రోగ్రాములకు చెప్పుకునే వీలు ఇరాస్‌లో ఉంది. ఇంటర్నల్ మెడిసిన్‌లో 2025 సీజనుకు మూడు బంగారు, పన్నెండు వెండి సిగ్నళ్లు ఇచ్చారు. వీటికి వేరే రుసుము లేదు. పేరున్న పెద్ద యూనివర్సిటీలకు వాటిని ధారపోసే పిల్లలను ప్రతి ఏటా చూస్తున్నాను. మన స్కోరుకు, మన వీసా అవసరానికి సరిపోయే చోటికి పంపిన సిగ్నల్‌కే విలువ.

ఇక మిగతా ఖర్చులు. ఇంటర్వ్యూ ప్యాకేజీలు, వ్యక్తిగత వ్యాసం రాసిపెట్టేవాళ్లు, డబ్బిస్తే పరిశోధనా పత్రంలో పేరు వేసేవాళ్లు. గట్టిగానే చెప్తున్నాను, ఈ మూడింటికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. మీరు చేయని పరిశోధన గురించి ఇంటర్వ్యూలో ఒకే ఒక్క ప్రశ్న వస్తుంది: "శాంపిల్ ఎలా ఎంచుకున్నారు?" దానికి నోరు పెగలకపోతే మీరు నిజంగా కష్టపడి సంపాదించినవాటి మీద కూడా వాళ్లకు అనుమానం వస్తుంది. "గ్యారంటీ మ్యాచ్" అనేవాళ్ల దగ్గరికి అసలే పోకండి. ఈ మ్యాచ్‌ను నడిపే ఎన్ఆర్ఎంపీ ప్రకటించిన లెక్కల్లో, అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రులకు మొదటి ఏడాది సీట్లలో మ్యాచ్ దొరికింది 2024లో 58.5 శాతం మందికి, 2025లో 58 శాతం మందికి. వందలో నలభై మందికి పైగా ఆ ఏడు ఖాళీ చేతులతో మిగులుతున్న చోట ఎవరూ ఎవరికీ గ్యారంటీ ఇవ్వలేరు. ఈ అంకె ఇంట్లో వాళ్లకూ చెప్పండి. మొదటి ప్రయత్నానికే పొలం అమ్మడం, ఎత్తిన చిట్టీ మొత్తం పెట్టేయడం వద్దు. రెండో ఏడుకు కూడా డబ్బు మిగిలేలా లెక్క వేసుకోండి.

గడియారం

ఇంటర్వ్యూలు అక్టోబరు నుంచి జనవరి దాకా జరుగుతాయి. వాళ్ల పొద్దున మనకు సాయంత్రం. ఇక్కడే తెలివైన పిల్లలు కూడా దెబ్బతింటారు, కారణం గడియారాలు మారడం. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మనకు ఆ పద్ధతి లేదు. అందుకే న్యూయార్క్‌లో ఉదయం 8 అంటే అక్టోబరులో మనకు సాయంత్రం 5:30, నవంబరు మొదటి ఆదివారం తర్వాత 6:30. షికాగో ఉదయం 8 అంటే నవంబరులో మనకు రాత్రి 7:30. లాస్ ఏంజెలెస్ ఉదయం 8 అంటే రాత్రి 9:30. ఆ ఇంటర్వ్యూ నాలుగు గంటలు సాగితే మీకు అర్ధరాత్రి దాటుతుంది.

అసలు ప్రమాదం అక్టోబరు ఈమెయిళ్లలో ఉంది. సెక్రటరీలు ఏ నెలైనా అలవాటుగా "ఈఎస్‌టీ" అనే రాసేస్తుంటారు. మీరు దాన్ని అక్షరాలా నమ్మి పదిన్నర గంటల తేడాతో లెక్కేస్తే, అక్టోబరులో ఇంటర్వ్యూకి గంట ఆలస్యంగా చేరతారు. ఊరి పేరు పెట్టి, తేదీ పెట్టి ఫోన్లో సమయం చూసుకోండి. అనుమానం ఉంటే మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. అరిజోనాలో ఎక్కువ భాగం మనలాగే గడియారం తిప్పదు, అదొకటి గుర్తుంచుకోండి.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం రెసిడెంట్లతో మాటామంతీ అని ఒకటి పెడతారు. వాళ్లకు బుధవారం సాయంత్రం ఏడంటే శీతాకాలంలో తూర్పుతీరం లెక్కన మనకు గురువారం తెల్లవారి 5:30. "మార్కులు వేయరు కదా" అని దాన్ని ఎగ్గొట్టకండి. ఆసుపత్రిని కళ్లతో చూసే అవకాశం పోయిన మనకు అక్కడి నిజం తెలిసేది ఈ మాటామంతీలోనే. ఐసీయూలో రాత్రి ఒక్కొక్కరు ఎందరు రోగులను చూస్తారు, బోర్డు పరీక్ష ఎందరు పాసవుతున్నారు, కారు లేకుండా బతకగలమా, జీతంలో ఇంటద్దెకు ఎంత పోతుంది, గత మూడేళ్లలో ఎవరైనా మధ్యలో వదిలి వెళ్లారా, ఇవన్నీ అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు కన్నా, జవాబు చెప్పేముందు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరును గమనించండి.

హౌస్‌సర్జన్సీలో ఉన్నవాళ్లు ఇంటర్వ్యూ తేదీ రాగానే డ్యూటీ మార్చుకోండి. క్యాజువాలిటీలో ముప్పై గంటలు నిలబడి వచ్చి రాత్రి తొమ్మిదిన్నరకు నవ్వుతూ మాట్లాడటం ఎవరివల్లా కాదు. బ్యాచ్‌మేట్‌కు ముందే రెండు నైట్ డ్యూటీలు చేసిపెట్టి ఉంటే అడగడం తేలిక.

గది, కరెంటు, వాన, బారాత్

మన ఊళ్లో ఇంటర్వ్యూ సీజను అంటే దీపావళి టపాసులు, కార్తీకంలో పెళ్లిళ్లు, రోడ్డు మీద డీజే బాక్సులు, చివర్లో సంక్రాంతి. సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదకొండు దాకా ఇంట్లో టీవీ నడుస్తుంది, చుట్టాలు వస్తారు, పక్కింటి కుక్కర్ కూస్తుంది. దాంతోపాటు వాన. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు హనుమకొండ, వరంగల్‌లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. అది సరిగ్గా ఇంటర్వ్యూలు జోరందుకునే వారం. ఇంట్లోకి నీళ్లొచ్చిన పిల్లకు ఇంటర్వ్యూ ఉంటే ఏం చేయాలి? రెండో చోటు ముందే చూసి పెట్టుకోవాలి. మిట్టమీదున్న స్నేహితుడి ఇల్లు, సాయంత్రం ఖాళీగా ఉండే సీనియర్ క్లినిక్ గది, కాజీపేటలో ఉన్న మేనమామ ఇంటి పైఅంతస్తు, ఏదైనా సరే. అక్కడ ఒకసారి కూర్చుని ఇంటర్నెట్ చూసి రండి. పరిస్థితి మరీ చేయి దాటితే, కోఆర్డినేటర్‌కు ఫోన్లోంచి రెండు వాక్యాల ఈమెయిల్ వెంటనే పంపండి: మా ఊళ్లో వరద, కరెంటు లేదు, ఇంకో తేదీ ఇవ్వగలరా అని. నిజం చెప్పి ముందుగా అడిగినవాళ్లకు చాలాచోట్ల మరో అవకాశం ఇస్తారు. చెప్పకుండా మాయమైనవాళ్లను మాత్రం ఎవరూ వెతకరు.

ఖర్చు పెట్టాల్సిన వస్తువులు నాలుగే. ఇంటర్నెట్ రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్, కరెంటు పోయినా కొంతసేపు వైఫై ఆగదు. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్. మైకున్న మంచి ఇయర్‌ఫోన్లు. మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీది కాకుండా వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోను, హాట్‌స్పాట్ కోసం. ఇన్వర్టర్ ఉన్నా, రౌటర్ ప్లగ్గు దానికి కలిసి ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి. చాలా ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లకే కలుపుతారు.

రింగ్‌లైట్, ఖరీదైన కెమెరా అవసరం లేదు. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ నెత్తి మీదో వెనకో ఉంటుంది, దాంతో ముఖం నల్లగా పడుతుంది. టేబుల్ ల్యాంపును మీ ఎదురుగా తెల్లగోడ మీదికి తిప్పండి, ఆ వెలుగు చాలు. ల్యాప్‌టాప్ కింద రెండు హారిసన్ సంపుటాలు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకు వస్తుంది. వెనక గోడ ఖాళీగా ఉంటే చాలు, కృత్రిమ బ్యాక్‌గ్రౌండ్ పెట్టకండి, తల కదిలిస్తే చెవులు మాయమవుతాయి. ఫ్యాను చప్పుడు మైకులో ఎంత పడుతుందో రికార్డు చేసి వినండి. జూమ్, టీమ్స్, వెబెక్స్, థాలమస్‌లలో ఏది వాడతారో ముందే చూసుకుని, తెరమీద మీ పేరు దరఖాస్తులో ఉన్నట్టే కనిపించేలా పెట్టండి. అసలు ఇంటర్వ్యూను మాత్రం వాళ్ల అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. ఉన్న సూటు చాలు, లేకపోతే ఊళ్లోనే కుట్టించుకోండి, కిందివరకూ వేసుకోండి.

మీ దగ్గర ఉన్నది, వాళ్ల దగ్గర లేనిది

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది, కాసేపు ఆగి చదవండి. మన పిల్లలు కెమెరా ముందు తమ ఊరిని దాచుకోవాలని చూస్తారు. అమెరికాలో నెలరోజులు చేసిన అబ్జర్వర్‌షిప్ గురించి పది నిమిషాలు మాట్లాడతారు, ఎంజీఎంలో ఏడాదంతా చేసిన పనిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. అబ్జర్వర్‌షిప్‌లో మీరు చూసింది గోడకు ఆనుకుని నిలబడి. ఎంజీఎంలో చేసింది మీ చేతులతో. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి, గోదావరి అవతలి నుంచి కూడా రోగులు వచ్చే ఆసుపత్రి అది. పత్తి, మిర్చి పండే ప్రాంతం కాబట్టి పురుగుమందు తాగినవాళ్లు వస్తారు, పాము కరిచినవాళ్లు వస్తారు. షికాగోలో చదివిన విద్యార్థి పాఠ్యపుస్తకంలోనే చూసిన ఆర్గానోఫాస్ఫేట్ విషాన్ని మీరు ఒక రాత్రిలో రెండు మూడు మంచాల మీద చూసి ఉంటారు.

"మీరు మరిచిపోలేని ఒక కేసు చెప్పండి" అని అడుగుతారు. అప్పుడు ఆ రాత్రినే చెప్పండి. ఎట్రోపిన్ ఎంత ఇవ్వాలో కనుపాపను చూసి కాదు, ఛాతీలో నెమ్ము తగ్గుతోందా, నాడి, బీపీ ఎలా ఉన్నాయని చూసి ఎలా నిర్ణయించారో చెప్పండి. వెంటిలేటర్ కోసం ఎవరిని ఎలా ఒప్పించారో, రోగి భార్యకు ఏ మాటల్లో చెప్పారో, బతికి లేచాక అతను ఎందుకు తాగాడో అడిగారా లేదా చెప్పండి. అడగలేదంటే ఎందుకు అడగలేకపోయారో చెప్పండి. అప్పు, పంట, ఇంటి గొడవ, సైకియాట్రీకి పంపడం, ఇవన్నీ అమెరికా డాక్టరుకు అర్థమయ్యే విషయాలే. రోగి పేరు, ఊరు మాత్రం చెప్పకండి. ఈ కథకు మీకైన ఖర్చు సున్నా. డబ్బు పెట్టి ఎవరూ కొనలేనిదీ ఇదే.

సమాధానాలు బట్టీ పట్టకండి. తెర పక్కన కాగితం అంటించి చదివితే కళ్లు పక్కకు జరుగుతాయి, ఎదుటివారికి వెంటనే తెలుస్తుంది. ఒక్కో ప్రశ్నకు మూడు ముక్కలు గుర్తుంచుకుని, ప్రతిసారీ కొత్తగా చెప్పడం అలవాటు చేసుకోండి. మధ్యలో ఖాళీ ఏళ్లు ఉంటే, ఒకసారి ఫెయిలై ఉంటే, ఉన్నదున్నట్టు రెండు వాక్యాల్లో చెప్పి, తర్వాత ఏం చేశారో చెప్పండి. నాన్నకు ఆరోగ్యం బాగాలేక ఆగానంటే అది తప్పు కాదు.

యాస తెచ్చిపెట్టుకోకండి. వేగం తగ్గించండి చాలు. ప్రశ్న పూర్తయ్యాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి, మాట చేరడానికి కొంత సమయం పడుతుంది, లేకపోతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోతారు. వాక్యానికొకసారి "సార్" అనడం మన వార్డుల్లో మర్యాద, అక్కడ "డాక్టర్" అని ఇంటిపేరుతో పిలిస్తే సరిపోతుంది. మాట్లాడేటప్పుడు ఎదుటి ముఖాన్ని కాదు, కెమెరా చుక్కను చూడండి. మొదట కష్టంగా ఉంటుంది, నాలుగు మాక్ ఇంటర్వ్యూలయ్యాక అలవాటవుతుంది.

మాక్ ఇంటర్వ్యూలకు డబ్బు కట్టక్కర్లేదు. నలుగురు స్నేహితులు ఒక గుంపుగా కలవండి. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, ఇద్దరు ఫోన్లో రికార్డు చేస్తూ తప్పులు రాయాలి. వారానికి రెండు సాయంత్రాలు చాలు. అందరూ ఒకే స్పెషాలిటీకి పోటీ పడుతున్నా ఫరవాలేదు. అమెరికా మొత్తం మీద వేల సీట్లున్న చోట మీ పక్కవాడు మీ శత్రువు కాడు. ఆ తర్వాత అమెరికాలో ఉన్న సీనియర్లకు రాయండి. "అన్నా, సాయం చేయండి" అని కాకుండా, "అన్నా, ఫలానా ఆదివారం ఇరవై నిమిషాలు నన్ను ఇంటర్వ్యూ చేస్తారా, నా సీవీ జత చేశాను" అని రాస్తే చాలామంది ఒప్పుకుంటారు.

హద్దులు తెలుసుకోండి

ఇంకా ఎక్కడెక్కడ ఇంటర్వ్యూలు ఉన్నాయని, మమ్మల్ని ఎన్నో స్థానంలో పెడతారని ప్రోగ్రాములు అడగకూడదు. ఇది ఎన్ఆర్ఎంపీ నియమం. పెళ్లయిందా, పిల్లలెప్పుడు లాంటివి కూడా వాళ్లు అడగాల్సినవి కావు. మన ఆడపిల్లలు ఇంటి మర్యాద కొద్దీ వీటన్నిటికీ జవాబు చెప్పేస్తారు. చెప్పక్కర్లేదు. "నా శిక్షణకు ఏ ఆటంకమూ లేదు" అని నవ్వుతూ పక్కకు జరగవచ్చు. వీసా కావాలా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే, సూటిగా చెప్పండి.

ఇంటర్వ్యూలు చాలినన్ని వచ్చాక, వెళ్లే ఉద్దేశం లేనివాటిని వెంటనే రద్దు చేయండి. గదిలో కూర్చుని చేసేది కదా అని అన్నీ పట్టుకుని కూర్చోవడం ఈ వర్చువల్ పద్ధతి తెచ్చిన చెడు అలవాటు. మీరు వదిలిన ఆ చోటు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో పిల్లకు వెళ్తుంది. ఆమె మీ కాలేజీ జూనియరే కావచ్చు.

ఇంటర్వ్యూలయ్యాక మీరిచ్చే ర్యాంకు లిస్టులో ప్రోగ్రాములను మీకు నిజంగా ఇష్టమైన క్రమంలోనే పెట్టండి. "వాళ్లు మనల్ని తీసుకుంటారో లేదో" అని క్రమం మార్చకండి. ఆల్విన్ రాత్, ఎలియట్ పెరాన్సన్ రూపొందించి 1998 నుంచి వాడుకలో ఉన్న మ్యాచ్ లెక్క అభ్యర్థి ఇష్టం వైపు నుంచి మొదలవుతుంది. పెద్ద ఆశను పైన పెట్టినందుకు కిందున్న అవకాశం పోదు. ఆ లెక్కల సిద్ధాంతానికే రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది, నమ్మవచ్చు.

జూన్ కోసం దాచండి

మ్యాచ్ ఫలితం మార్చి మూడో శుక్రవారం వస్తుంది. శిక్షణ జులై 1న మొదలవుతుంది, చాలాచోట్ల జూన్ మధ్యలోనే రమ్మంటారు. మొదటి జీతం చేతికొచ్చేది ఆ తర్వాతే. ఈలోగా జె-1కి సెవిస్ రుసుము 220 డాలర్లు, వీసా రుసుము 185, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు రాకపోకలు, విమానం టికెట్, ఇంటి అడ్వాన్సు, మొదటి నెల అద్దె, చాలా ఊళ్లలో ఒక పాత కారు. 2025 మే చివర్లో అమెరికా కొత్త విద్యార్థి, ఎక్స్ఛేంజ్ వీసాల అపాయింట్‌మెంట్లను మూడు వారాల పాటు ఆపేసింది. జులై 1కి చేరాల్సిన డాక్టర్లు ఎందరో ఆ మూడు వారాలూ నిద్ర లేకుండా గడిపారు. అలాంటప్పుడు టికెట్ మార్చుకోవడానికి కూడా చేతిలో డబ్బుండాలి. సెప్టెంబరులో భయపడి చేర్చిన అరవై పనికిరాని దరఖాస్తుల డబ్బు, అంటే 1,800 డాలర్లు, జూన్‌లో మీకు విమానం టికెట్టూ మొదటి నెల అద్దెలో కొంత భాగమూ అవుతుంది. గిన్ని పైసలెందుకని నాన్న అడిగిన ప్రశ్నకు ఇంట్లో ఈ లెక్క రాసి చూపించండి. అంకెలు చూశాక పెద్దవాళ్లు అడ్డు చెప్పరు, ఎక్కడ తగ్గించాలో వాళ్లే చెప్తారు.

ఈ మార్చిలో మీ పేరు మ్యాచ్ అయితే ఒక పని చేయండి. ఇంటర్న్‌గా మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా వచ్చే అక్టోబరులో మీ కాలేజీ జూనియర్లలో ఇద్దరికి, ఒక్కొక్కరికి అరగంట చొప్పున, మాక్ ఇంటర్వ్యూ చేయండి. డబ్బు తీసుకోకండి.